గాజు ఎంత పట్టుకుంటుంది? నకలు అణు వ్యర్థంతో నా ప్రాజెక్టు డైరీ

2024 జూలై 8, సోమవారం

ఇవాళ్టి నుంచి ప్రతి అడుగూ రాసి పెట్టుకోవాలనుకున్నాను. కెమిస్ట్రీ పరిశోధనలో ఇది నా రెండో ఏడాది. ఎంచుకున్న పని: అధిక స్థాయి రేడియోధార్మిక వ్యర్థాన్ని గాజులో బంధిస్తారు కదా, ఆ గాజు ఎంత వ్యర్థాన్ని పట్టుకోగలదో, పట్టుకున్నదాన్ని నీళ్లు తగిలినప్పుడు ఎంత వదిలేస్తుందో కొలవడం.

మా దగ్గర రేడియోధార్మిక పదార్థం ఒక్క గ్రాము కూడా లేదు, ఉండదు. మేం వాడేది నకలు. సీజియం-137 స్థానంలో మామూలు సీజియం, స్ట్రాన్షియం-90 స్థానంలో మామూలు స్ట్రాన్షియం, అమెరీషియం, క్యూరియం లాంటి వాటి స్థానంలో నియోడిమియం. ఒక మూలకం గాజులో ఎలా ఇముడుతుందో తేల్చేది దాని ఎలక్ట్రాన్లు. కేంద్రకం పగిలేదైనా పగలనిదైనా ఆ లెక్క మారదు. అందుకే ఈ పని మామూలు ల్యాబులో చేయొచ్చు.

అసలు ఈ వ్యర్థం ఎక్కడిది? రియాక్టర్లో వాడేసిన ఇంధనాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, టీబీపీ అనే ద్రావణితో యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ వేరు చేస్తారు. మిగిలిన ఆమ్లపు ద్రవంలో విచ్ఛిత్తి ముక్కలన్నీ, అంటే కేంద్రకాలు పగిలి పుట్టిన సీజియం, స్ట్రాన్షియం లాంటివన్నీ ఉంటాయి. అణు రంగం మొత్తం వ్యర్థంలో అధిక స్థాయి వ్యర్థం పరిమాణంలో నూటికి 3 పాళ్లు, రేడియోధార్మికతలో మాత్రం నూటికి 95 పాళ్లు. మన దేశంలో ఈ ద్రవాన్ని గాజుగా మార్చే ప్లాంట్లు ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఉన్నాయి.

జూలై 15

పొయ్యి ముట్టుకునే ముందు కాగితం మీద లెక్క చేయమన్నారు మా గైడ్ మేడం. ఏ మూలకం ఎన్నాళ్లు ఉంటుందో ఒక షీట్ తయారు చేశాను.

సీజియం-137 అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం) సుమారు 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90ది సుమారు 29. 300 ఏళ్లంటే పది అర్ధాయువులు. అప్పటికి రెండూ వెయ్యో వంతుకు, అంతకన్నా కాస్త తక్కువకు దిగిపోతాయి. మొదటి శతాబ్దాల వేడికి ముఖ్య కారణం ఈ రెండే, గామా కిరణాలు మాత్రం ముఖ్యంగా సీజియం నుంచి వస్తాయి. అమెరీషియం-241 అలా కాదు, దాని అర్ధాయువు 432 ఏళ్లు. 300 ఏళ్ల తర్వాత కూడా నూటికి 62 పాళ్లు అలాగే ఉంటుంది. టెక్నీషియం-99 అయితే 2 లక్షల ఏళ్ల పైమాట, నెప్ట్యూనియం-237 ఏకంగా 21 లక్షల ఏళ్లు.

గ్రాఫు గీసి చూస్తే ఒక వంపు నిటారుగా పడిపోయి ఆగుతుంది. దాని కింద ఇంకోటి నేలబారుగా ఎంతదూరమో పోతూనే ఉంటుంది. మేడం ఆ గ్రాఫు మీద పెన్సిలుతో 300 దగ్గర నిలువు గీత గీసి, "నీ గాజు ముందు ఈ గీత దాటాలి. దాని అవతలిది గాజొక్కటే మోయలేదు, బండ కూడా కావాలి" అన్నారు. ఆ కాగితం నా టేబుల్ ముందు గోడకు అంటించుకున్నాను.

ఈ షీట్ చేస్తుంటేనే ఒక సంగతి తట్టింది. సీజియం క్షయమై బేరియం అవుతుంది. స్ట్రాన్షియం ముందు యిట్రియం, తర్వాత జిర్కోనియం అవుతుంది. అంటే మనం పోసిన గాజు లోపల కూర్పు దానంతటదే మారుతూ ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ ఇచ్చే మూలకం ఉన్న చోట రెండు ఇచ్చేది వచ్చి కూర్చుంటుంది. గాజు దాన్ని కూడా తట్టుకోవాలి.

జూలై 24

బోనాల సందడిలో రెండు రోజులు పోయాయి. ఇవాళ మొత్తం తూకాలే.

ఆధార గాజు సోడియం బోరోసిలికేట్. 15 శాతం వ్యర్థం వేస్తే మిగతా 85లో సిలికా 50, బోరాన్ ఆక్సైడ్ 20, సోడియం ఆక్సైడ్ 15. ఒక విడతకు 50 గ్రాముల గాజు. బోరాన్ ఆక్సైడ్‌ను నేరుగా వాడం, బోరిక్ ఆమ్లం వాడతాం. 10 గ్రాముల ఆక్సైడ్ రావాలంటే 17.76 గ్రాముల బోరిక్ ఆమ్లం తూచాలి, మిగతాది నీటి ఆవిరై పోతుంది. సోడియం కోసం 12.82 గ్రాముల సోడియం కార్బొనేట్. ఈ అంకెలు మూడుసార్లు వేసి చూసుకున్నాను. ఇక్కడ తప్పితే ఆరు నెలల తర్వాత వచ్చే ఫలితం కూడా తప్పుతుంది.

నకలు వ్యర్థంలో సీజియం, స్ట్రాన్షియం, బేరియం, జిర్కోనియం, లాంథనం, సీరియం, నియోడిమియం నైట్రేట్లు, మాలిబ్డినం కోసం అమ్మోనియం మాలిబ్డేట్, స్టీలు పాత్రలు తిని వచ్చే ఇనుము, నికెల్, క్రోమియం కూడా కొంచెం. మా నకలు ఆక్సైడ్లలో మాలిబ్డినం వాటా 12 శాతం. రుథీనియం వదిలేశాం. ఖరీదు ఎక్కువ, పైగా వేడికి ఆవిరై ఫర్నేస్ గోడలకు పడుతుంది.

రేడియోధార్మికత లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదు. బేరియం విషం, నికెల్, క్రోమియం కూడా అంతే. నైట్రేట్లు కాలితే ఎర్రటి గోధుమరంగు పొగ, నైట్రోజన్ డయాక్సైడ్, ఊపిరితిత్తులకు హాని. పొగల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ పనిచేస్తుందో లేదో రోజూ టిష్యూ కాగితం అంచు పెట్టి చూశాకే మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాను. బీకర్లు కడిగిన నీళ్లు కూడా సింకులో పోయను. వాటికో డబ్బా, దాని మీద లేబుల్. వ్యర్థం గురించి చదువుతూ మా వ్యర్థాన్ని మూసీకి పంపలేను.

ఆగస్టు 5

మొదటి కరిగింపు. పొంగిపోయింది.

నైట్రేట్లు, కార్బొనేట్, బోరిక్ ఆమ్లం అన్నీ ఒకేసారి గ్యాసు వదులుతాయని పుస్తకంలో చదివాను. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున ఎక్కించడం ఎక్కువని మాత్రం ఊహించలేదు. 700 దాటాక క్రూసిబుల్ (కరిగించే పాత్ర) అంచు మీదుగా నురగ పొంగి ఫర్నేస్ అడుగున పడి గడ్డకట్టింది. అడుగున అల్యూమినా పలక పెట్టి ఉంచబట్టి ఫర్నేస్ దక్కింది.

మా ల్యాబ్ అటెండర్ అన్న వచ్చి చూశాడు. వాళ్ల తాత అవుసుల పని చేసేవాడట. క్రూసిబుల్‌ని ఆయన మూస అనే అంటాడు. "మూసలో సగానికి మించి పోయొద్దమ్మా. ముందు చిన్న సెగ మీద ఉడకనియ్యి, ఊపిరంతా పోనియ్యి, అప్పుడు పెద్ద సెగ పెట్టు" అన్నాడు. రేపటి నుంచి పద్ధతి అదే. ముందు 600 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి గ్యాసులన్నీ పోగొట్టి, చల్లార్చి, నూరి, అప్పుడు కరిగింపు.

ఆగస్టు 12

25 శాతం వ్యర్థం వేశాను. ఎక్కువ వ్యర్థం పట్టే కొద్దీ తక్కువ డబ్బాలు, నిల్వకు తక్కువ చోటు, తక్కువ ఖర్చు. పై హద్దు ఎక్కడుందో ముందే చూద్దామని నేనే అడిగాను, మేడం సరే అన్నారు.

1,050 డిగ్రీల దగ్గర మూడు గంటలు, మూత పెట్టి. మూత లేకపోతే సీజియం బోరేటుగా ఆవిరైపోతుంది. ముందూ తర్వాతా క్రూసిబుల్ బరువు రాసుకున్నాను. పోసేటప్పుడు మొదట వచ్చింది గాజు కాదు. నీళ్లలా పలుచని పచ్చటి ద్రవం జారింది, దాని వెనకాల చిక్కటి గాజు. చల్లారాక చూస్తే నల్లని గాజు బిళ్ల మీద నిమ్మపండు రంగు పొర, గోరుతో గీస్తే పొడి రాలుతోంది.

ఈ రంగంలో దీన్ని యెల్లో ఫేజ్ అంటారు. బొమ్మల్లో చాలాసార్లు చూశాను. నా చేత్తో పోసిన గాజు మీద చూడటం వేరు.

ఆగస్టు 13

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చి ఆ పసుపు పొర నుంచి బియ్యపు గింజంత తీసి, పరీక్ష నాళికలో డిస్టిల్డ్ వాటర్‌లో వేశాను. కలపలేదు, వేడి చేయలేదు. గింజ చుట్టూ పసుపు తీగలు దిగాయి, చూస్తుండగానే నీళ్లన్నీ రంగెక్కాయి, రెండు నిమిషాల్లో గింజ లేదు.

పక్కనే అదే బిళ్లలోని నల్ల గాజు ముక్క మరో నాళికలో వేశాను. సాయంత్రం దాకా ఏమీ కాలేదు.

ఆ పసుపు పొరలో ఉండేవి ముఖ్యంగా సోడియం మాలిబ్డేట్, సీజియం మాలిబ్డేట్. పసుపు రంగు క్రోమేట్‌ది. సీజియం గాజులో ఉండాల్సింది, గాజు విడిచి ఉప్పులోకి వెళ్లిపోయింది. ఉప్పు నీళ్లలో కరిగిపోయింది. ఇదే అసలు వ్యర్థం అయితే, డబ్బాకు ఎప్పుడైనా చెమ్మ తగిలిన రోజున బయటికి వచ్చే మొదటి మూలకం సీజియం-137.

కరిగే సీజియం ఏం చేయగలదో 1987లో బ్రెజిల్‌లోని గోయానియా చూసింది. వదిలేసిన క్యాన్సర్ ఆసుపత్రి భవనంలో మిగిలిపోయిన యంత్రాన్ని పాత ఇనుప సామానుకని ఇద్దరు తీసుకెళ్లారు. లోపల ఉన్నది సీజియం క్లోరైడ్ పొడి. చీకట్లో నీలంగా మెరుస్తోందని చేతులు మారింది, ఇళ్లలోకి వెళ్లింది, పిల్లల ఒంటికి అంటుకుంది. 1,12,000 మందిని పరీక్షించాల్సి వచ్చింది, 249 మందిలో కాలుష్యం దొరికింది, నలుగురు చనిపోయారు, వాళ్లలో ఒకరు ఆరేళ్ల పాప. ఆ సీజియం పొడిగా, నీళ్లలో కరిగే ఉప్పుగా కాక గాజుగా ఉండి ఉంటే అలా ఊరంతా పాకేది కాదు.

మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు అణు వ్యర్థం నుంచే సీజియాన్ని వేరు చేసి, గాజు పెన్సిళ్లుగా పోసి, రోగులకు ఎక్కించే రక్తానికి ముందుగా కిరణాలు తగిలించే ఇర్రేడియేటర్లకు ఇస్తున్నారు. క్లోరైడ్ పొడి బదులు గాజు ఎందుకో ఇవాళ నాళిక ముందు కూర్చున్నాక పూర్తిగా అర్థమైంది.

ఆగస్టు 21

ఎందుకిలా జరిగిందో చదివి నా మాటల్లో రాసుకుంటున్నాను.

గాజు క్రమం లేని వల లాంటిది. సిలికాన్, బోరాన్ పరమాణువులు ఆక్సిజన్ల ద్వారా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. సోడియం, సీజియం లాంటివి ఆ కన్నాల్లో కూర్చుంటాయి. జిర్కోనియం వలలో తనూ ముడి పడుతుంది. మాలిబ్డినం అలా కాదు. అది చుట్టూ నాలుగు ఆక్సిజన్లను బిగించుకుని విడిగా ఉండిపోతుంది, వలకు ముడి పడదు. కొద్దిగా ఉన్నంతసేపు కన్నాల్లో సర్దుకుంటుంది. ఎక్కువైతే అవన్నీ ఒక చోటికి చేరి, కనిపించిన సోడియాన్నీ సీజియాన్నీ లాక్కుని కరిగిన ఉప్పుగా పైకి తేలతాయి.

నా 25 శాతం గాజులో మాలిబ్డినం ఆక్సైడ్ 3 శాతం ఉంది. 15 శాతం గాజులో అయితే 1.8.

ట్రాంబేలో ఇలాంటి సమస్యే సల్ఫేట్‌తో వచ్చింది. అక్కడ ప్లుటోనియాన్ని వేరుచేయడానికి ఫెర్రస్ సల్ఫమేట్ వాడటం వల్ల వ్యర్థంలో సల్ఫేట్ చేరింది. సోడియం బోరోసిలికేట్ గాజు సల్ఫేట్‌ను సుమారు 1 శాతానికి మించి ఒప్పుకోదు, మిగతాది పైకి తేలి వేరైపోతుంది. వాళ్లు వ్యర్థాన్ని పలుచన చేసి సరిపెట్టుకోలేదు, గాజునే మార్చారు. బేరియం బోరోసిలికేట్ తెచ్చారు. మేడం ఈ సంగతి చెప్పి ఊరుకున్నారు, నాకేం చేయమనీ చెప్పలేదు. నోట్‌బుక్ మార్జిన్‌లో పెద్దగా రాసుకున్నాను: గాజును మార్చొచ్చు.

సెప్టెంబరు 8

వినాయక చవితికి ఊరెళ్లాను. మాది అమ్రాబాద్ వైపు. మా దగ్గర యురేనియం అనే మాట పలికితే జనం వెంటనే తలెత్తి చూస్తారు. నల్లమలలో తవ్వకాలు వద్దని ఊళ్లన్నీ కదిలిన రోజుల్లో నేను ఇంటర్ చదువుతున్నాను. 2019 సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. కాబట్టి నేను చదివేదేమిటో ఇంట్లో చెప్పడం తేలిక కాదు.

నాయిన అంతా విని అడిగాడు. "మల్ల గా విషాన్ని నీళ్ల లెక్కనే ట్యాంకుల పెట్టుకుంటే ఏమైతది?"

1957 సెప్టెంబరు 29 గురించి చెప్పాను. సోవియట్ యూనియన్‌లో మయాక్ అనే చోట ద్రవ వ్యర్థం ఉన్న ట్యాంకును చల్లబరిచే ఏర్పాటు పాడైంది. ఎవరూ పట్టించుకోలేదు. వ్యర్థం తన వేడికి తానే కాగి, నీళ్లింకి, అడుగున నైట్రేట్, ఎసిటేట్ ఉప్పులు ఎండి పేలిపోయాయి. అందులోని 2 కోట్ల క్యూరీల రేడియోధార్మికతలో 20 లక్షల క్యూరీలు గాలిలో కొట్టుకుపోయి ఊళ్ల మీద పడ్డాయి. ద్రవంగా ఉన్నంతకాలం మనిషి కాపలా ఉండాలి, నీళ్లు తిరుగుతుండాలి, కరెంటు ఉండాలి. గాజైతే చుట్టూ గాలి ఆడితే చాలు. తారాపూర్‌లో గాజు డబ్బాలను పెట్టిన నిల్వశాలలో గాలి వేడెక్కి చిమ్నీ గుండా పైకి పోతుంటుంది, దాన్ని లాగడానికి మోటారు అక్కర్లేదు.

నాయిన కాసేపాగి, "మరి గాజు నీళ్లల్ల కరుగదా?" అన్నాడు.

"కరుగుతది నాయినా, శానా మెల్లగ. ఎంత మెల్లగనో కొలుసుడే నా పని."

"గదైతే మంచిగ కొలువు బిడ్డా. అడవిల ఉన్నోళ్లకు సరిగ చెప్పాలె" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

సెప్టెంబరు 17

15 శాతం గాజు వచ్చింది. పైన పొర లేదు. సీరియం, ఇనుము, క్రోమియం వల్ల ముదురు గోధుమరంగు, పలుచని అంచును లైటుకు పెడితే తేనెలా కనిపిస్తుంది.

మొదటి బిళ్ల మాత్రం పోసిన నిమిషంలోనే టప్పున పగిలింది. ఇత్తడి అచ్చును చల్లగా ఉంచి పోశాను. రెండోసారి అటెండర్ అన్న అచ్చును 400 దాకా కాచి ఇచ్చాడు. పోసిన వెంటనే 500 డిగ్రీల ఫర్నేస్‌లోకి మార్చి, రెండు గంటలుంచి, రాత్రంతా చల్లారనిచ్చాం. పొద్దున పగుళ్లు లేవు. పగులు అంటే అందం పోవడం కాదు. పగిలిన కొద్దీ నీళ్లకు తగిలే ఉపరితలం పెరుగుతుంది.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను పట్టే పరీక్ష) పదునైన శిఖరాలేమీ లేవు, ఒకే వెడల్పాటి దిబ్బ. స్ఫటికం లేదు, అంతా గాజే.

సెప్టెంబరు 27

నాలుగు రోజులుగా నూరడం, జల్లించడం. ఇంత ఓపిక అడిగే పని ఇంకోటి లేదు.

గాజు నీళ్లలో ఎంత కరుగుతుందో కొలిచే పీసీటీ అనే ప్రామాణిక పరీక్షకు 75 నుంచి 150 మైక్రాన్ల మధ్య రేణువులే కావాలి. 100 మెష్ జల్లెడ దాటి 200 మెష్ మీద ఆగినవి. ఎక్కువ నూరితే పిండి, తక్కువైతే బరక. అసలు శ్రమ ఆ తర్వాతే మొదలవుతుంది. రేణువులకు అంటుకున్న సన్నని ధూళిని కడగాలి. అది ఉండిపోతే నీళ్లలో ముందు అదే కరిగి గాజు నిజం కన్నా చెడ్డదని చూపిస్తుంది. నీళ్లతో, ఆల్కహాల్‌తో అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి, పై నీళ్లు తేటగా వచ్చేదాకా వంపుతూనే ఉన్నాను. మా జూనియర్ "ఇంకెంత కడుగుతారక్కా, బియ్యం కూడా ఇన్నిసార్లు కడగం" అంది. మైక్రోస్కోపు కింద కడగక ముందువీ కడిగినవీ పక్కపక్కన పెట్టి చూపించాను. తర్వాతి విడత తనే కడిగింది.

అక్టోబరు 4 నుంచి 11

గ్రాము గాజుకు 10 మి.లీ. నీళ్లు. 90 డిగ్రీలు, ఏడు రోజులు. మూడు పాత్రల్లో నా గాజు, రెండింటిలో వట్టి నీళ్లు, రెండింటిలో ముందే విలువలు తెలిసిన ప్రమాణ గాజు. వట్టి నీళ్లెందుకంటే పాత్రే ఏదైనా వదులుతోందేమో చూడటానికి. అన్నింటినీ మూతతో సహా తూచి ఓవెన్‌లో పెట్టాం.

దసరా సెలవుల్లో క్యాంపస్ ఖాళీ. బతుకమ్మ పాటలు హాస్టల్ వెనక నుంచి వినిపిస్తుంటే రోజుకు మూడుసార్లు వెళ్లి ఉష్ణోగ్రత రాసుకున్నాను. రెండు డిగ్రీలకు మించి అటూ ఇటూ పోకూడదు. తొమ్మిదో తారీకున కరెంటు పోయి ఇరవై నిమిషాల్లో వచ్చింది, 88.5 దాకా దిగింది. అది కూడా రాశాను.

పదకొండున తీసి తూచాం. ఒక పాత్రలో నీళ్లు 7 శాతం తగ్గాయి, మూత సరిగా బిగియలేదు. అందులోని ద్రవం చూడటానికి బాగానే ఉంది. అయినా పక్కన పెట్టేశాను. నీళ్లు తగ్గితే గాఢత పెరుగుతుంది, ఆ అంకెకు అర్థం ఉండదు.

ఏడు రోజుల పరీక్ష వేల ఏళ్ల సంగతి చెప్పదు. వేర్వేరు గాజులను ఒకే తక్కెడలో పెట్టి పోల్చడానికే అది. కాలం సంగతి తెలియాలంటే కెనడాలోని చాక్ రివర్‌లో చేసినట్టు చేయాలి. అక్కడ 1958-60 మధ్య రేడియోధార్మిక గాజు దిమ్మెలను ఏ డబ్బాలోనూ పెట్టకుండా, భూగర్భ జలం తగిలేలా నేరుగా ఇసుక నేలలో పూడ్చి, దశాబ్దాల పాటు చుట్టూ నీళ్లను పరీక్షించారు. బయటికొచ్చింది చాలా చాలా తక్కువ.

నవంబరు 6

నీళ్లలో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే ఐసీపీ ఫలితాలు వచ్చాయి. యంత్రం మా దగ్గర లేదు, బయట వరుసలో మూడు వారాలు ఆగాం.

బోరాన్‌ను ఆనవాలుగా చూస్తాం. గాజు కరిగితే బోరాన్ నీళ్లలోకి వచ్చేస్తుంది, మళ్లీ ఉపరితలం మీద పొరలో కూర్చోదు. కాబట్టి ఎంత గాజు కరిగిందో అబద్ధం లేకుండా చెప్పేది అదే. లీటరుకు 45 మిల్లీగ్రాములు వచ్చింది. గాజులో బోరాన్ వాటా 6.2 శాతం. భాగిస్తే లీటరుకు 0.72 గ్రాముల గాజు లెక్క. అమెరికాలో హద్దుగా పెట్టుకున్న ఈఏ గాజుకు ఈ అంకె 16.7. దానికి ఇరవై రెట్లకు పైగా తక్కువ. సీజియం ఇంకా తక్కువ, 0.3. ప్రమాణ గాజు విలువలు కూడా రావాల్సిన చోటే వచ్చాయి కాబట్టి నమ్ముతున్నాను.

ఫోన్‌లో నాయినకు చెప్పాను. "మంచిగ కరగలే" అని.

నవంబరు 25

18 శాతం గాజు. మాలిబ్డినం ఆక్సైడ్ 2.16 శాతం. పోశాం, పసుపు పొర లేదు, లైటులో తేటగా ఉంది. ఎక్స్‌ఆర్‌డీ శుభ్రం. సంతోషంగా మేడం టేబుల్ మీద పెట్టాను.

ఆమె చేత్తో పట్టుకుని చూసి, "ఎంతసేపట్లో చల్లారింది?" అన్నారు.

ఈ ప్రశ్న నేనే వేసుకుని ఉండాల్సింది. నా బిళ్ల యాభై గ్రాములు, నిమిషాల్లో గట్టిపడుతుంది. ఫ్రాన్స్‌లోని లా హేగ్ ప్లాంటులో ఒక డబ్బాలో పోసే గాజు 400 కిలోలు. అంచు త్వరగా చల్లారినా మధ్యలో ఉన్నది గంటల తరబడి ఎర్రగానే ఉంటుంది. మాలిబ్డినం ఒక చోటికి చేరడానికి కావలసింది ఆ వ్యవధే. నేను కొలుస్తున్నది డబ్బా అంచు మాత్రమే, నడిబొడ్డు కాదు.

డిసెంబరు 12

అదే 18 శాతం గాజును మళ్లీ కరిగించి, ఫర్నేస్‌లోనే 30 గంటలు మెల్లగా దించాం. తీసి చూస్తే మధ్యలో మబ్బు. పైన పొరేమీ లేదు, లోపలే సన్నని చుక్కలు. ఎక్స్‌ఆర్‌డీలో దిబ్బ మీద చిన్న చిన్న శిఖరాలు లేచాయి.

2025 జనవరి 6

మబ్బు పట్టిన గాజు లీచింగ్ (నీళ్లలోకి ఎంత వదిలింది) ఫలితం: బోరాన్ లీటరుకు 0.90 గ్రాముల లెక్క. అదొక్కటే చూస్తే ఫరవాలేదు, ఈఏ గాజు కన్నా ఎంతో మేలు. అయితే మాలిబ్డినం 4.2, సీజియం 2.1.

గాజు మొత్తం ఒకటిగా ఉంటే ఏదీ బోరాన్‌ను దాటి పరుగెత్తకూడదు. మాలిబ్డినం దానికి నాలుగు రెట్లకు పైగా వచ్చిందంటే అది గాజులోంచి రాలేదు, గాజులో దాక్కున్న ఉప్పు బిందువుల్లోంచి వచ్చింది. సీజియం కూడా దాని వెంటే వచ్చింది. ఆగస్టులో పైకి తేలి కనిపించిందే ఇప్పుడు కంటికి కనపడకుండా లోపల ఉంది. బోరాన్ ఒక్కటే కొలిచి ఆగిపోయి ఉంటే ఈ గాజును మంచిదని రాసేదాన్ని. నాకు దీనంత ముఖ్యమైన ఫలితం ఈ ఏడాదిలో లేదు. రిపోర్టులో మొదటి పేజీలో పెడుతున్నాను.

జనవరి 18

సంక్రాంతి నుంచి వచ్చాక కాల్షియం మొదలుపెట్టాం. మార్జిన్‌లో రాసుకున్న మాటకు ఇదే జవాబు. సోడియం కొంత తగ్గించి 4 శాతం కాల్షియం ఆక్సైడ్ వేస్తే, మాలిబ్డినం సోడియాన్నీ సీజియాన్నీ వదిలి కాల్షియంతో కలిసి పావెలైట్ అనే స్ఫటికం అవుతుంది. అది నీళ్లలో దాదాపు కరగదు. మాలిబ్డినం ఎలాగూ విడిపోతుంటే, కరగని రూపంలో విడిపోనిద్దామన్నది ఆలోచన. ఇంగ్లండ్‌లో సెల్లాఫీల్డ్ అణు కేంద్రం వాళ్లు మాలిబ్డినం ఎక్కువున్న వ్యర్థానికి కాల్షియం, జింకు వేసిన గాజును ఎంచుకున్నదీ ఇలాంటి కారణానికే.

18 శాతం, మెల్లగా చల్లార్చింది. బయట పసుపు లేదు. లోపల తెల్లని మబ్బు ఉంది, ఈసారి శిఖరాలు పావెలైట్‌కు సరిపోయాయి.

మధ్యలో మేడంతో కోలార్ గురించి మాట వచ్చింది. 1980లలో కోలార్ బంగారు గనిలో వాడకం ఆపేసిన ఒక భాగంలో, సుమారు 1000 మీటర్ల లోతున, బండలోకి హీటర్లు దించి, వ్యర్థపు డబ్బా వేడికి రాయి ఎలా స్పందిస్తుందో బార్క్ వాళ్లు ఏళ్ల తరబడి కొలిచారు. అక్కడ వ్యర్థం పెట్టలేదు, వట్టి హీటర్లే. చిత్తూరు సరిహద్దు దాటగానే ఉన్న గని అది, పక్క ఊళ్లలో మాట్లాడేది తెలుగే. నా గోడ మీది గ్రాఫులో 300 గీతకు అవతల ఉన్నదాన్ని మోయాల్సింది అలాంటి బండే. ఫిన్లాండ్‌లో ఒల్కిలువొటో దగ్గర 400 మీటర్ల కింద తవ్వినది కూడా అందుకే, కాకపోతే అక్కడ పెట్టేది గాజు కాదు, వాడిన ఇంధనాన్నే రాగి డబ్బాల్లో పెడతారు.

జనవరి 27

కాల్షియం గాజు ఏడు రోజుల ఫలితం. ఈసారి త్వరగా వచ్చింది. బోరాన్ 0.81, మాలిబ్డినం 0.6, సీజియం 0.35. సీజియం మళ్లీ బోరాన్ కిందికి దిగింది.

రెండు విషయాలు మిగిలాయి. ఒకటి, ఇదే కాల్షియంతో 25 శాతం వేసి చూశాం, మళ్లీ పసుపు పొర వచ్చింది, పలుచగానే అయినా వచ్చింది. కాబట్టి మా నకలుకు, మా గాజుకు, ఇప్పటికి 18 అనే రాస్తున్నాను, అంతకన్నా పైకి నేను హామీ ఇవ్వను. రెండోది, పావెలైట్ రేణువుల చుట్టూ గాజు ఎక్కువ రోజుల్లో ఎలా ఉంటుందో ఏడు రోజులు చెప్పవు.

అందుకే ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఆరు పాత్రలు 28 రోజుల పరీక్షకు ఓవెన్‌లో పెట్టాం. మూతలు జూనియర్ బిగించింది, నేను మళ్లీ ఒకసారి చూశాను. బరువులు రాశాం. అటెండర్ అన్న ఓవెన్ తలుపు మీద కాగితం అంటించాడు: తెరవొద్దు, ఫిబ్రవరి 24 దాకా.